సీ డ్రైవ్ నిండింది, అదే డిస్క్‌లో ఖాళీ ఉంది, అయినా ఎక్స్‌టెండ్ కావట్లేదా?

సీ డ్రైవ్ కింద ఎర్ర గీత వచ్చేసింది. విండోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోతోంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే అదే డిస్క్‌లో నల్ల పట్టీ కింద 'అన్‌అలొకేటెడ్' అని 200 జీబీ ఖాళీగా పడుంది. తీరా సీ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకబారి ఉంటుంది, నొక్కనివ్వదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఏదో ఒక ఫ్రీ పార్టిషన్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తారు. చాలాసార్లు దాని అవసరమే ఉండదు.

కారణం ఒక్కటే. విండోస్ సొంత టూల్ సీ డ్రైవ్‌ని కుడి వైపుకి మాత్రమే పెంచుతుంది. ఆ ఖాళీ కూడా సీ ముగిసిన చోటే మొదలవ్వాలి, మధ్యలో ఇంకే పార్టిషనూ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఉండకూడదు. ఊళ్లో ఇంకెక్కడో స్థలం ఉంటే ఇల్లు పెంచలేం కదా, మన గోడ అవతలే ఉండాలి. ఎడమ వైపు ఖాళీ ఎందుకు పనికిరాదంటే, ఫైళ్లు ఎక్కడున్నాయన్న లెక్కంతా పార్టిషన్ మొదలైన చోటు నుంచే నడుస్తుంది. చివర జరపాలంటే కొన్ని అంకెలు మారిస్తే సరిపోతుంది. మొదలు జరపాలంటే లోపలున్న డేటా మొత్తాన్నీ ఎత్తి పక్కకి పెట్టాలి. విండోస్ ఆ పని చేయదు.

ఒక మాట ముందే. ఈ వ్యాసంలో కమాండ్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మీరు కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. తడబడే చోట స్పెల్లింగ్ అక్షరం అక్షరంగా ఇచ్చాం.

ముందు బొమ్మ చూడండి

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. పై సగంలో ఉన్న పట్టికని వదిలేయండి. డిస్క్ మీద పార్టిషన్లు నిజంగా ఏ వరుసలో ఉన్నాయో కింది సగంలోని పట్టీల బొమ్మే చూపిస్తుంది. విండోస్ 10, 11 కొత్తగా వేసిన సిస్టమ్‌లో మామూలుగా ఎడమ నుంచి ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండేది, 100 ఎంబీ, కొన్ని కంపెనీ ల్యాప్‌టాప్‌లలో 260), తర్వాత సీ, ఆ తర్వాత 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా రికవరీ పార్టిషన్ (విండోస్ లేవనప్పుడు బాగుచేసే టూల్స్ ఉండేది) ఉంటాయి. ఈఎఫ్ఐకీ సీకీ మధ్య 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటుంటుంది కానీ ఈ బొమ్మలో కనబడదు.

512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఇక్కడ 476.9 జీబీగా, 1 టీబీది 931.5 జీబీగా కనిపిస్తాయి. ఎవరూ మోసం చేయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కగడుతుంది, విండోస్ 1024తో లెక్కగడుతుంది. ఆ తేడాని ఖాళీ స్థలం అనుకుని వెతక్కండి.

మీ ఖాళీ ఎక్కడుందో చూడండి. సీ పక్కనే ఉందా, సీకీ ఖాళీకీ మధ్య రికవరీ ఉందా, డీ ఉందా, లేక ఖాళీ వేరే డిస్క్ మీద ఉందా? దాన్నిబట్టే దారి మారుతుంది.

మొదలుపెట్టే ముందు

ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఎక్స్‌టెండ్ చేయడంలో ప్రమాదం తక్కువే. పక్క పార్టిషన్ డిలీట్ చేసేటప్పుడు తప్పు దాని మీద క్లిక్ పడటమే అసలు ప్రమాదం. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉంటే దాని మీదే నడపండి.

బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) సంగతి తప్పకుండా చూసుకోండి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద కనిపిస్తుంది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో ఫైల్‌గా దాచుకుంటే లాభం లేదు. బిట్‌లాకర్ ఉన్నా విండోస్ లోపలి నుంచి సీని ఎక్స్‌టెండ్ చేయవచ్చు, ఇబ్బంది లేదు.

ఆ తర్వాత దిస్ పీసీలో సీ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, 'చెక్' నొక్కండి. ఫైల్ సిస్టమ్‌లో తప్పులుంటే ముందే తేలిపోతాయి.

ఖాళీ సీ పక్కనే ఉంటే

ఇది రెండు నిమిషాల పని. సీ మీద రైట్ క్లిక్, 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్', నెక్స్ట్. ఎంత కలపాలో ఎంబీల్లో అడుగుతుంది. మొత్తం కలపాలంటే ఉన్న అంకె అలాగే వదిలేయండి. 50 జీబీ చాలనుకుంటే 51200 అని కొట్టండి. ఫినిష్ నొక్కగానే సీ పెరిగి కనిపిస్తుంది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

డేటా డ్రైవ్‌ని పెంచేటప్పుడు ఖాళీ పక్కన లేకపోతే విండోస్ ఒక్కోసారి డిస్క్‌ని 'డైనమిక్ డిస్క్'గా మారుస్తానంటుంది. ఒప్పుకోకండి. మైక్రోసాఫ్టే పక్కన పెట్టేసిన పద్ధతి అది. డేటా పోకుండా మళ్లీ బేసిక్‌కి తెచ్చుకోడానికి విండోస్‌లో దారి లేదు.

మధ్యలో రికవరీ పార్టిషన్ ఉంటే

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 256 జీబీ డిస్క్‌ని 1 టీబీ ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయిస్తే పాత పార్టిషన్లన్నీ అదే వరుసలో వచ్చి కూర్చుంటాయి. మిగిలిన దాదాపు 700 జీబీ రికవరీకి కుడి పక్కన చేరుతుంది. అర జీబీ పార్టిషన్ ఒకటి 700 జీబీకి అడ్డం పడుతుంది.

దారులు రెండు. రికవరీని తీసేయడం ఒకటి, పక్కకి జరపడం ఇంకొకటి. బిట్‌లాకర్ లేకపోతే మొదటిది సులువు. ఉంటే రెండోదే మంచిది. కారణం కింద వస్తుంది.

రెండింటికీ మొదటి అడుగు ఒకటే. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' మీద తెరవండి. 'రీఏజెంట్‌సీ స్లాష్ ఇన్‌ఫో' అని కొట్టండి. మొదటి మాట ఆర్-ఈ-ఏ-జీ-ఈ-ఎన్-టీ-సీ, ఎనిమిది అక్షరాలూ కలిపి. తర్వాత ఒక స్పేస్, స్లాష్ (/), ఇన్‌ఫో. వచ్చిన జవాబులో స్టేటస్ 'ఎనేబుల్డ్' అనీ, దాని కింద లొకేషన్ వరుసలో 'హార్డ్‌డిస్క్0', 'పార్టిషన్4' లాంటి మాటలూ ఉంటాయి. ఆ రెండు నంబర్లూ రాసుకోండి. తర్వాతి కమాండ్ కొట్టాక అవి అక్కడ కనిపించవు.

ఈ నంబర్ల మీద ఇంత పట్టు ఎందుకంటే, కంపెనీ ల్యాప్‌టాప్‌లలో రికవరీ పార్టిషన్లు రెండుండొచ్చు. ఒకటి విండోస్‌ది, చిన్నది. ఇంకొకటి ఫ్యాక్టరీ రీసెట్ కోసం కంపెనీ పెట్టింది, 10 జీబీ పైన ఉంటుంది. దీన్ని తీసేస్తే కొన్ననాటి స్థితికి మళ్లీ తెచ్చుకునే వీలు పోతుంది.

ఇప్పుడు 'రీఏజెంట్‌సీ స్లాష్ డిసేబుల్'. 'ఆపరేషన్ సక్సెస్‌ఫుల్' అని రావాలి. దీనితో రికవరీ ఫైల్ 'విన్‌ఆర్ఈ డాట్ విమ్' (డబ్ల్యూ-ఐ-ఎన్-ఆర్-ఈ, చుక్క, డబ్ల్యూ-ఐ-ఎమ్) ఆ పార్టిషన్ నుంచి సీలోని విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్‌లోకి వస్తుంది. నిజంగా వచ్చిందో లేదో కళ్లతో చూసుకోండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేసి, హిడెన్ ఫైళ్లు కూడా కనిపించేలా పెడితేనే అది కనబడుతుంది. కొన్ని వందల ఎంబీల ఫైల్ అది. అక్కడ లేకపోతే పార్టిషన్‌ని డిలీట్ చేయకండి.

తీసేసే దారి. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో 'డిస్క్‌పార్ట్' కొట్టండి. తర్వాత వరుసగా: 'లిస్ట్ డిస్క్', 'సెలెక్ట్ డిస్క్ 0', 'లిస్ట్ పార్టిషన్', 'సెలెక్ట్ పార్టిషన్ 4'. డిస్క్, పార్టిషన్ నంబర్లు మీరు రాసుకున్నవే కొట్టాలి. ఇక్కడ ఆగి మళ్లీ ఒకసారి 'లిస్ట్ పార్టిషన్' కొట్టండి. ఎంచుకున్న వరుస ముందు నక్షత్రం గుర్తు (*) పడుతుంది. ఆ వరుసలో 'రికవరీ' అని ఉందా, సైజు ఎంబీల్లో బొమ్మలో చూసినంతే ఉందా? రెండూ సరిపోతేనే 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్' కొట్టండి. చివరి మాట లేకపోతే ఇది ప్రొటెక్టెడ్ పార్టిషన్ అంటూ ఒప్పుకోదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దీని మీద రైట్ క్లిక్ చేస్తే 'డిలీట్' రాకపోవడానికీ కారణం ఇదే. డిస్క్‌పార్ట్ 'మీరు ఖాయమేనా' అని అడగదు. ఎంటర్ కొట్టడం ఆలస్యం, పార్టిషన్ పోయినట్టే.

'ఎగ్జిట్' కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తే నల్ల పట్టీ ఇప్పుడు సీకి ఆనుకుని ఉంటుంది. పైన చెప్పినట్టే ఎక్స్‌టెండ్ చేయండి. తర్వాత 'రీఏజెంట్‌సీ స్లాష్ ఎనేబుల్'. వేరే రికవరీ పార్టిషన్ లేదు కాబట్టి విండోస్ దాన్ని సీలోనే పెట్టుకుంటుంది. 'రీసెట్ దిస్ పీసీ', స్టార్టప్ రిపేర్ మామూలుగానే పనిచేస్తాయి. నష్టం ఒక్కటే, సీ పాడైతే రికవరీ కూడా దానితోనే పోతుంది. అందుకని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ ఒకటి మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిపెట్టుకోండి.

సీకి బిట్‌లాకర్ ఉంటే మాత్రం ఈ చివరి ఎనేబుల్ దగ్గర దెబ్బ తగులుతుంది. బిట్‌లాకర్ ఉన్న వాల్యూమ్ మీద విండోస్ ఆర్ఈని (రికవరీ టూల్స్‌ని) పెట్టలేనంటూ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు మీకు రికవరీయే ఉండదు.

జరిపే దారి. జీపార్టెడ్ లైవ్ (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉచిత పార్టిషన్ టూల్) ఐఎస్ఓ ఫైల్‌ని రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. బిట్‌లాకర్ ప్రో ఎడిషన్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్ నుంచి 'సస్పెండ్ ప్రొటెక్షన్' నొక్కండి. హోమ్ ఎడిషన్‌లో ఆ బటన్ ఉండదు, కీ చేతిలో పెట్టుకోండి. రీఏజెంట్‌సీ డిసేబుల్ అయ్యాక, షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. మామూలు షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలో ఉండిపోతుంది. ఆ స్థితిలో దాని డిస్క్‌ని బయటి నుంచి ముట్టుకోకూడదు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, సరైన డిస్క్ ఎంచుకుని, రికవరీ పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి 'రీసైజ్/మూవ్' నొక్కండి. పట్టీని పట్టుకుని కుడి చివరకంటా లాగండి, పైన 'అప్లై' నొక్కండి. అర జీబీ, ఒక జీబీ కాబట్టి ఎక్కువసేపు పట్టదు. సీని ఇక్కడ అస్సలు ముట్టుకోకండి. తిరిగి విండోస్‌లోకి వచ్చి అక్కడి నుంచే ఎక్స్‌టెండ్ చేయండి. జీపార్టెడ్‌కి బిట్‌లాకర్ లోపల ఏముందో తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా ఈ పద్ధతిలో రాదు. ఆఖరున రీఏజెంట్‌సీ ఎనేబుల్ చేసి, ఇన్‌ఫో మళ్లీ చూసుకోండి.

ఎలాగూ జరుపుతున్నారు కాబట్టి దాన్ని 1 జీబీ చేసేయండి. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ చాలామందికి 0ఎక్స్80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది. దానికి రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. 500 ఎంబీ పార్టిషన్లలో చాలావాటికి అంత మిగల్లేదు.

మధ్యలో డీ ఉంటే

మన దగ్గర షాపులో సిస్టమ్ చేయిస్తే సీకి 100 జీబీ పెట్టి మిగతాదంతా డీకి ఇచ్చేయడం మామూలు. అందుకే సీ నిండుతుంది, డీ ఖాళీగా ఉంటుంది. డీని ష్రింక్ (చిన్నది) చేస్తే సరిపోతుందనుకుంటారు. ష్రింక్ చేస్తే ఖాళీ డీకి కుడి పక్కన పుడుతుంది, సీకి ఇంకా దూరంగా. ఉపయోగం లేదు.

డీని జీపార్టెడ్‌తో కుడికి జరపొచ్చు. కానీ అందులోని ప్రతి బ్లాకునీ చదివి వేరే చోట రాయాలి. హార్డ్‌డిస్క్ మీద 300 జీబీకి గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే డీ సగం ఇక్కడ, సగం అక్కడ మిగిలిపోతుంది. డీలో డేటా సగం కన్నా తక్కువ ఉంటే ఇంతకన్నా మంచి దారి ఉంది, బయటి డ్రైవ్ లేకపోయినా నడుస్తుంది.

లెక్కతో చూద్దాం. 476 జీబీ డిస్క్‌లో సీ 100, డీ 376, డీలో వాడింది 120 అనుకోండి. డీని 204800 ఎంబీ, అంటే 200 జీబీ ష్రింక్ చేయండి. ఆ కొత్త ఖాళీలో 'న్యూ సింపుల్ వాల్యూమ్' పెట్టి, ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేయండి. అది 'ఈ' డ్రైవ్ అవుతుంది. డీలో ఉన్నదంతా ఈలోకి కాపీ చేయండి. కట్ వద్దు, కాపీయే. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో చూసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోండి. అప్పుడు డీ మీద 'డిలీట్ వాల్యూమ్'. సీ పక్కన 176 జీబీ ఖాళీ వస్తుంది, ఎక్స్‌టెండ్ చేస్తే సీ 276 అవుతుంది. చివరగా 'ఈ' డ్రైవ్ మీద రైట్ క్లిక్, 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్', డీ అని మార్చండి. డీలోకి మార్చిపెట్టుకున్న డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు, షార్ట్‌కట్లు పాత అడ్రసులతోనే దొరుకుతాయి.

కాపీకి లొంగనివి రెండున్నాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు డీలో ఉంటే ముందే సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి 'మూవ్' చేసేయాలి. పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) డీలో పెట్టి ఉంటే దాన్ని సీకి మార్చి రీస్టార్ట్ చేయాలి. అనుకున్నంత ష్రింక్ కాకపోవడానికి కూడా ఎక్కువగా పేజింగ్ ఫైలో, డీ మీద ఆన్‌లో ఉన్న సిస్టమ్ ప్రొటెక్షనో కారణమవుతాయి. వాటిని కదపకుండా విండోస్ అక్కడితో ఆగిపోతుంది.

పాత ఎంబీఆర్ (డిస్క్ మీద పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి) డిస్క్‌లలో ఒక తిరకాసు. అక్కడ డీ 'ఎక్స్‌టెండెడ్ పార్టిషన్' అనే పచ్చ అంచు పెట్టె లోపల లాజికల్ డ్రైవ్‌గా ఉంటుంది. డీని డిలీట్ చేస్తే నల్ల పట్టీ రాదు, లేత పచ్చలో 'ఫ్రీ స్పేస్' అని వస్తుంది. అది సీకి పనికిరాదు. దాని మీద మళ్లీ రైట్ క్లిక్ చేసి 'డిలీట్ పార్టిషన్' కొడితేనే నలుపు అవుతుంది. ఆ పెట్టెలో ఇంకో డ్రైవ్ ఉంటే మాత్రం పెట్టెని తీసేయలేరు, దానిలోని డేటా కూడా ముందే బయటికి తేవాలి. పైన చెప్పిన కాపీ ఉపాయం ఇక్కడ నడవకపోవడానికి ఇదే కారణం, 'ఈ' డ్రైవ్ కూడా అదే పెట్టెలో పుడుతుంది. బయటి డ్రైవే దిక్కు.

ఖాళీ వేరే డిస్క్‌లో ఉంటే

కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టించి, డిస్క్ 1 మీద కనిపిస్తున్న ఖాళీని డిస్క్ 0 మీది సీకి కలపాలని చూస్తారు. కుదరదు. దాని మీద కొత్త డ్రైవ్ చేసి, డౌన్‌లోడ్స్, వీడియోస్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో 'లొకేషన్' ట్యాబ్ నుంచి అక్కడికి మార్చండి. లేదంటే విండోస్‌నే కొత్త డిస్క్‌లోకి క్లోన్ చేయండి.

చేశాక కూడా లెక్క కుదరకపోతే

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ పెద్దదిగా ఉండి, దిస్ పీసీలో పాత సైజే ఉంటే, పార్టిషన్ పెరిగింది కానీ లోపలి ఫైల్ సిస్టమ్ పెరగలేదన్నమాట. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ల తర్వాత ఇలా జరుగుతుంటుంది. డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ వాల్యూమ్', సీ నంబర్ చూసి 'సెలెక్ట్ వాల్యూమ్', ఆపై 'ఎక్స్‌టెండ్ ఫైల్‌సిస్టమ్' (ఫైల్‌సిస్టమ్ ఒకే మాట) కొడితే సరిపోతుంది.

డిస్క్ మీద చాలినంత స్పేస్ లేదని ఎర్రర్ వస్తే, పైన 'యాక్షన్' మెనూలో 'రీస్కాన్ డిస్క్స్' నొక్కి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. పాత లేఅవుట్‌నే గుర్తుపెట్టుకోవడం వల్ల అలా అంటుంటుంది.

డిస్క్ 2 టీబీ కన్నా పెద్దదై, అన్‌అలొకేటెడ్ రెండు ముక్కలుగా కనిపిస్తే అది ఎంబీఆర్ డిస్క్. 2 టీబీ దాటిన ముక్కని ఎంబీఆర్ చేరుకోలేదు. జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి దీనికి 'ఎంబీఆర్2జీపీటీ' అనే సొంత టూల్ ఉంది. ముందు 'స్లాష్ వ్యాలిడేట్', తర్వాత 'స్లాష్ కన్వర్ట్', రెండింటికీ చివర 'స్లాష్ అలౌఫుల్ఓఎస్' (ఏ-ఎల్-ఎల్-ఓ-డబ్ల్యూ-ఎఫ్-యూ-ఎల్-ఎల్-ఓ-ఎస్). ప్రైమరీ పార్టిషన్లు మూడు మించకూడదు. మార్చాక బయాస్‌లో బూట్ మోడ్‌ని యూఈఎఫ్ఐకి పెట్టకపోతే సిస్టమ్ లేవదు. కాబట్టి మీ బోర్డుకి యూఈఎఫ్ఐ ఉందో లేదో ముందే చూసుకోండి.

పెంచిన నెలకే సీ మళ్లీ నిండితే తప్పు సైజుది కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ తెరిచి ఏది తింటోందో చూడండి. హైబర్నేషన్ ఫైల్ ఒక్కటే ర్యామ్‌లో దాదాపు 40 శాతం ఉంటుంది, 16 జీబీ ర్యామ్‌కి 6 జీబీ పైమాటే. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలే 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్ పది రోజులకి దానంతటదే పోతుంది. దాని కోసం పార్టిషన్లు కదపక్కర్లేదు.

పని పూర్తయ్యాక, బిట్‌లాకర్ ఇంకా సస్పెండ్‌లోనే ఉంటే 'రెజ్యూమ్ ప్రొటెక్షన్' నొక్కి మళ్లీ ఆన్ చేయండి. రీఏజెంట్‌సీ ఇన్‌ఫోలో స్టేటస్ 'ఎనేబుల్డ్' అని ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.